ప్రీమియం దండగా? ఆరోగ్య బీమా కొనేముందు వేయాల్సిన లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. అంతకుముందు 18 శాతం ఉండేది. 25 వేల ప్రీమియానికి పన్నుతో కలిపి 29,500 కట్టిన కుటుంబానికి 4,500 తగ్గినట్టు. ఏజెంట్ల ఫోన్లకు కొత్త ఊపొచ్చింది. "ఇప్పుడైనా తీసుకోండి సార్" అంటున్నారు. ఇందులో రెండు మెలికలున్నాయి. బీమా కంపెనీలు తమ ఖర్చుల మీద కట్టే జీఎస్టీని ఇదివరకు సర్దుబాటు చేసుకునేవి. ఆ వీలు పోయింది కాబట్టి అసలు ప్రీమియమే కొంత పెరిగే అవకాశం ఉంది. ఆఫీసులు ఉద్యోగుల కోసం తీసుకునే గ్రూప్ పాలసీలకు ఈ మినహాయింపు అసలే లేదు.

పన్ను పోయినంత మాత్రాన, తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న తీరలేదు. "పదేళ్లు కట్టాను, ఒక్క రూపాయి వాడలేదు, బూడిదలో పోసిన పన్నీరే" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఒక్క ఆపరేషన్‌కి పొలం అమ్ముకున్నవాళ్లూ అదే వీధిలో ఉన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి అనుభవం మనకు వర్తిస్తుందో తేల్చుకోవాలంటే ముందు బీమా లోపలి లెక్క తెలియాలి.

వంద రూపాయలు కడితే ఎంత తిరిగొస్తుంది

ఏటా కంపెనీకి కట్టేది ప్రీమియం. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు ఎంతవరకు ఇస్తారో అది బీమా మొత్తం. ఇంట్లో అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉంటే దాన్ని ఫ్లోటర్ అంటారు. కంపెనీయే ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తే క్యాష్‌లెస్. మనం కట్టి, బిల్లులు పెట్టి తర్వాత తీసుకుంటే రీయింబర్స్‌మెంట్. కంపెనీ తరఫున ఆ కాగితాలు చూసే మధ్య సంస్థ టీపీఏ.

వేలమంది కట్టిన ప్రీమియంలోంచే, ఆ ఏడాది ఆసుపత్రి పాలైన కొందరి బిల్లులు కడతారు. కంపెనీ జీతాలు, ఏజెంట్ కమీషన్, ప్రకటనలు, లాభం కూడా అందులోంచే. 2023-24లో ఆరోగ్య బీమా మాత్రమే అమ్మే ప్రత్యేక కంపెనీలకు ప్రతి వంద రూపాయల ప్రీమియంలో క్లెయిముల కింద ఖర్చయింది దాదాపు 65 రూపాయలు. ప్రభుత్వ రంగ సంస్థలకు అది వంద దాటింది. దీన్ని బట్టి ప్రభుత్వ సంస్థలే మేలని తేల్చేయడం తొందరపాటు. వాటి దగ్గర ఆఫీసుల గ్రూప్ పాలసీలు ఎక్కువ. వాటిలో ప్రీమియం తక్కువ, క్లెయిములు ఎక్కువ.

సగటున చూస్తే, పాలసీ కొన్నవాళ్లు కట్టినదానికంటే తక్కువే వెనక్కి పొందుతారు. ఇందులో మోసం ఏమీ లేదు, బీమా నడిచే పద్ధతే అది. కాబట్టి "కట్టింది వెనక్కి వస్తుందా?" అని అడిగితే చాలామందికి జవాబు "రాదు" అనే ఉంటుంది. అడగాల్సింది వేరు: ఎంత పెద్ద బిల్లు వస్తే మన ఇల్లు తట్టుకోలేదు? ఆ బిల్లులో ఎంత భాగానికి ఇప్పటికే వేరే ఆసరా ఉంది? మిగిలిన ఖాళీని ఈ పాలసీ నిజంగా పూడుస్తుందా?

ఆ డబ్బే బ్యాంకులో వేసుకుంటే పోలా?

ఈ వాదనను కొట్టిపారేయక్కర్లేదు. లెక్క వేసి చూద్దాం. ఏటా 25 వేలు, 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేశారనుకోండి. వడ్డీ మీద పన్ను పక్కన పెడదాం. పదేళ్లకు దాదాపు 3 లక్షల 70 వేలు, పదిహేనేళ్లకు 6 లక్షల 70 వేలు అవుతుంది. ఈలోగా ఇంట్లో ఎవరూ ఆసుపత్రిలో చేరకపోతే ఆ డబ్బు పూర్తిగా మీదే. పాలసీ అయితే అదే పదిహేనేళ్లలో చేతికి చిల్లిగవ్వ రాదు.

చిక్కంతా జబ్బు ఏ ఏడాది వస్తుందన్న దగ్గరే. మూడో ఏడాది చివర్లో గుండె ఆపరేషన్ అవసరమై 4 లక్షల బిల్లు వచ్చిందనుకోండి. అప్పటికి డిపాజిట్‌లో ఉన్నది 86 వేలు. మిగతా 3 లక్షల 14 వేలకు బంగారం తాకట్టు పెట్టాలి, చీటీ పాడుకోవాలి, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలి. ఆ వడ్డీ ఏడాదికి 24 శాతం. డిపాజిట్ వడ్డీ మీద వేసుకున్న లెక్క అక్కడితో తలకిందులవుతుంది.

కాబట్టి ఈ పద్ధతి ఎవరికి కుదురుతుందో చెప్పడం తేలికే. ఇవాళే పది పదిహేను లక్షలు చేతికందేలా ఉండి, అది పోయినా పిల్లల చదువో ఇల్లో ఆగనివాళ్లకు కుదురుతుంది. అలాంటివాళ్లు బీమా లేకుండా ఉండటం తెలివితక్కువేం కాదు. కానీ "బ్యాంకులో వేసుకుంటా" అనే చాలామంది నిజంగా వేయరు, వేసినా దసరాకి తీసేస్తారు. అది వేరే సంగతి.

పన్ను ఆదా కోసమైనా తీసుకోవాలనే మాట ఒకటి వినిపిస్తుంది. ఆదాయపు పన్ను చట్టంలో 80డి పేరుతో అందరికీ తెలిసిన నిబంధన కింద ప్రీమియానికి 25 వేల వరకు, వృద్ధులైన తల్లిదండ్రుల పాలసీకైతే 50 వేల వరకు మినహాయింపు ఉంది. అయితే అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో లేదు.

మీ ఇంటికి ఇప్పటికే ఏముంది

తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క దేశంలో చాలా చోట్ల వేసినట్టు వేయలేం. కారణం ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకం రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా కొనసాగింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలకు పెంచారు. అక్కడ ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. కాగితం మీద చూస్తే, మధ్యతరగతి మనిషి ఏటా పాతిక వేలు పోసి కొనే 5 లక్షల పాలసీ కంటే ఇది ఎంతో పెద్దది. పైగా ప్రీమియం లేదు, వెయిటింగ్ (డబ్బు రావడానికి ఆగాల్సిన కాలం) లేదు.

మరి కార్డు ఉన్నవాళ్లు కూడా ప్రైవేటు పాలసీ ఎందుకు కొంటున్నారు? పథకం ఒక చికిత్సల జాబితా ప్రకారం నడుస్తుంది. జాబితాలో లేని చికిత్సకు కార్డు పనిచేయదు. చేరాల్సింది నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే, అంటే పథకంతో ఒప్పందం ఉన్నదాంట్లోనే. మీకు నమ్మకమున్న డాక్టరు అక్కడ ఉండకపోవచ్చు, లేదా ఆ ఆసుపత్రి గుండెకు చేర్చుకుని మోకాలికి చేర్చుకోకపోవచ్చు. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను కలిసి, మన జబ్బు పథకం కిందకి వస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవడం అందుకే ముఖ్యం. బకాయిల గొడవ మరొకటి. ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదంటూ 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. ఆ రోజుల్లోనే ఆపరేషన్ తేదీ పడినవాళ్ల టెన్షన్ ఊహించుకోవచ్చు.

వీటితోపాటు ఇంకొన్ని ఆసరాలున్నాయి. నెల జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కడుతున్నవాళ్లకు ఆ ఆసుపత్రులు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు వేరే పథకం ఉంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఉంది. ఆ కార్డు పేరు వయ్ వందన. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ దీనికి అర్హులే. ఈ సంగతి తెలియక, 72 ఏళ్ల అమ్మానాన్నల కోసం అమెరికా నుంచి ప్రీమియాలు కడుతూ ఆ కార్డు మాత్రం తీయించని పిల్లలు ఉన్నారు.

ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీ సంగతి కొంచెం వేరు. ఉద్యోగంలో ఉన్నంతకాలం దానికి సాటి లేదు. చాలావాటిలో పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. నలభై ఎనిమిదో ఏట లేఆఫ్ అయి, అప్పటికే షుగరూ బీపీ ఉన్నవాళ్లు కొత్త పాలసీకి వెళితే ప్రీమియమూ ఎక్కువే, వెయిటింగూ తప్పదు. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది. ఏ షరతుల మీద మార్చుకుంటారో మాత్రం కంపెనీ ఇష్టం.

పాలసీ ఉన్నా జేబులోంచి పోయే డబ్బు

ఒక కంపెనీ పాలసీ చవకగా, ఇంకోదాని పాలసీ ఖరీదుగా ఎందుకుందో ప్రీమియం అంకె చూస్తే అర్థం కాదు. తేడా అంతా షరతుల్లో ఉంటుంది.

మొదట వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకున్న తొలి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. హెర్నియా, కంటి శుక్లం, మోకీలు మార్పిడి లాంటి కొన్నిటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కి ముందు ఇది నాలుగేళ్ల వరకు ఉండేది. "జబ్బు వచ్చాక తీసుకుందాంలే" అనుకోవడం కుదరకపోవడానికి కారణం ఇదే.

తర్వాత రూమ్ రెంట్ పరిమితి. ఇది చూడ్డానికి చిన్నది, ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఇక్కడే. అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మేలా 2020లో తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు గరిష్ఠంగా 5 వేలు అని పెట్టారు. అలాంటి పరిమితి ఉన్న పాలసీతో మీరు 8 వేల గదిలో ఐదు రోజులు ఉన్నారనుకోండి. రోజుకు 3 వేల తేడా, ఐదు రోజులకు 15 వేలు, ఆ మాత్రం పెట్టుకుందాం అనిపిస్తుంది. బిల్లు చూద్దాం. గది 40 వేలు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటర్ కలిపి 1 లక్షా 60 వేలు. మందులు, పరీక్షలు, లోపల వేసిన ప్లేటు కలిపి 1 లక్షా 20 వేలు. మొత్తం 3 లక్షల 20 వేలు.

చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో అదే ఆపరేషన్‌కి గదిని బట్టి రేటు మారుతుంది. అందుకని కంపెనీ, గది ఏ నిష్పత్తిలో పరిమితి దాటిందో ఆ నిష్పత్తిలో డాక్టరు, థియేటర్ ఖర్చులకు కూడా కోత వేస్తుంది. ఇక్కడ ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. గదికి 25 వేలు. డాక్టర్ల ఫీజూ థియేటరూ కలిపి 1 లక్ష. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలకు ఈ కోత వేయకూడదు కాబట్టి అవి పూర్తిగా 1 లక్షా 20 వేలు. మొత్తం 2 లక్షల 45 వేలు. అందులో 5 శాతం కో-పే, అంటే మన వాటా, ఇంకో 12,250. చివరికి మన జేబులోంచి పోయింది 87,250. మంచి గదికి 15 వేలు ఎక్కువ పెడుతున్నాం అనుకుని ఒప్పుకున్న బిల్లు ఇది. గ్లౌజులు, మాస్కుల లాంటి చిల్లర సామాను కోతలు ఇంకా కలపనేలేదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో ఈ నిష్పత్తి కోత ఉండదు. గది అద్దె పరిమితే లేని పాలసీలు కూడా ఉన్నాయి, ప్రీమియం కాస్త ఎక్కువ. నా మట్టుకు, రెండు పాలసీలు పోల్చేటప్పుడు మొదట చూడాల్సిన గడి ఇదే.

ఇంకొకటి అందరూ మర్చిపోయేది. నెలనెలా షుగర్ మాత్రలు, థైరాయిడ్ పరీక్షలు, డాక్టరు ఫీజు, పంటి వైద్యం, ఇవేవీ మామూలు పాలసీ కిందకి రావు. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. డయాలసిస్, కీమో, కంటి ఆపరేషన్ లాంటి వాటికి మాత్రం రాత్రి ఉండకపోయినా ఇస్తారు. దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టుకునేది 2021-22లో 39.4 శాతం. ఆ ఖర్చులో మందుల షాపు వాటా పెద్దది. బీమా దాని జోలికి పోదు.

క్లెయిములు నిజంగా ఇస్తారా

2023-24లో ఆరోగ్య బీమా కంపెనీల దగ్గర లెక్కకు వచ్చిన క్లెయిముల విలువ 1.17 లక్షల కోట్లు. చెల్లించింది దాదాపు 83,500 కోట్లు, అంటే 71 శాతం. సంఖ్య లెక్కన చూస్తే వందకి 82 క్లెయిములు పరిష్కారమయ్యాయి. ప్రకటనల్లో పెద్దక్షరాల్లో కనిపించేది సంఖ్య లెక్కే. పైన చూసిన 87 వేల కోత పడ్డ క్లెయిము కూడా ఆ లెక్కలో "పరిష్కారమైంది" కిందకే వస్తుంది.

తిరస్కరణకు తరచూ వినిపించే కారణం, పాత జబ్బు దాచారని. ఇందులో తప్పు రెండు వైపులా ఉంది. అప్లికేషన్ తొందరగా పాసవ్వాలని "బీపీ రాయక్కర్లేదు సార్" అనే ఏజెంట్లు ఉన్నారు. ఆరేళ్ల కిందటి మందుల చీటీ పట్టుకుని, సంబంధం లేని జబ్బుకి క్లెయిము ఆపే కంపెనీలూ ఉన్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఐదేళ్లు ఆపకుండా కట్టిన పాలసీ మీద, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారని క్లెయిము తోసేయకూడదు. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు, డిశ్చార్జి బిల్లు పంపిన మూడు గంటల్లోపు కంపెనీ తేల్చాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. సాయంత్రం దాకా డిశ్చార్జి కోసం కూర్చున్నవాళ్లకు ఈ వాక్యం చదివితే నవ్వొస్తుంది.

కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు.

వయసుతో పెరిగే ప్రీమియం, చవకగా దొరికే సూపర్ టాపప్

ఇవాళ్టి ప్రీమియం చూసి పదిహేనేళ్ల లెక్క వేయకూడదు. వయసుతో, వైద్యం ఖరీదుతో అది పెరుగుతూ పోతుంది. అరవై దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఆదేశించింది. ఆ పది శాతమే ఏటా పెరిగినా, అరవయ్యో ఏట 40 వేలు కట్టిన మనిషి అరవై ఎనిమిదికి దాదాపు 86 వేలు కడతాడు. ఫ్లోటర్‌లో ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి పడుతుంది. అందుకే అమ్మానాన్నల్ని మనతో ఒకే పాలసీలో పెట్టడం సాధారణంగా నష్టం.

ఖర్చు తగ్గించుకునే దారి ఒకటుంది. కొంత మొత్తం వరకు మనమే పెట్టుకుని, అది దాటితేనే కంపెనీ ఇచ్చేలా తీసుకునేవి టాపప్, సూపర్ టాపప్. రెండిటికీ తేడా ఉంది. గీత 5 లక్షల దగ్గర ఉందనుకోండి. ఒకే ఏడాదిలో 4 లక్షల బిల్లు ఒకటి, 3 లక్షల బిల్లు ఒకటి వచ్చాయి. టాపప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. ఏదీ 5 దాటలేదు కాబట్టి సున్నా. సూపర్ టాపప్ ఏడాది మొత్తం కలిపి చూస్తుంది. మొత్తం 7 లక్షలు, కాబట్టి 2 లక్షలు ఇస్తుంది. పెద్ద బిల్లులు అరుదు కనుక ఈ పాలసీలు మామూలు పాలసీ కంటే బాగా చవక. ఆఫీసు పాలసీయో, సొంత డిపాజిట్టో గీత దాకా ఆదుకుంటే, పైన ఇది ఉంటుంది.

అసలు ఈ లెక్కలన్నీ జనం ఎందుకు వేయాలి, ప్రభుత్వాసుపత్రులు బాగుంటే చాలదా అనే వాదన కూడా బలమైనదే. నిమ్స్, స్విమ్స్, కేజీహెచ్‌లలో రోజూ జరిగే క్లిష్టమైన ఆపరేషన్లు చూస్తే అది గాలిమాట కాదని తెలుస్తుంది. బీమా డబ్బు పెరిగేకొద్దీ ప్రైవేటు వైద్యం రేట్లూ పెరుగుతాయని వాళ్లంటారు. అడ్మిషన్ కౌంటర్‌లో జబ్బు కంటే ముందు "ఇన్సూరెన్స్ ఉందా?" అని అడగడం చూసినవాళ్లు కాదనలేరు. ఇది విధానాల స్థాయిలో తేలాల్సిన చర్చ. ఈలోగా ఎవరి ఇంటి లెక్క వాళ్లకుంటుంది.

నాలుగు ఇళ్లు, నాలుగు జవాబులు

వరంగల్‌లో ఆటో నడిపే కుటుంబానికి రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ ఉన్నాయి. ఏటా 20 వేల ప్రీమియం అంటే వాళ్లకు నెల సంపాదన. పెద్ద ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉంది, లేనిది మందుల ఖర్చుకే. ప్రైవేటు పాలసీ ఆ ఖర్చు ఎలాగూ ఇవ్వదు. ముందు తక్కువ ప్రీమియం ప్రమాద బీమా, చేతిలో కాస్త డబ్బు అవసరం.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ముప్పై రెండేళ్ల అమ్మాయికి ఆఫీసు పాలసీ 5 లక్షలుంది. ఇవాళ ఆమెకు ఆదుర్దా ఏమీ లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చిన్న సొంత పాలసీయో సూపర్ టాపప్పో తీసుకుంటే, ఉద్యోగం మారే సమయానికి వెయిటింగ్ పూర్తయి ఉంటుంది. ఆమె కట్టేది ప్రధానంగా ఆ భరోసాకే.

తెనాలిలో షాపు నడిపే నలభై ఐదేళ్ల మనిషి ఆదాయం ఏడాదికి 9 లక్షలు. ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత లేదు, ఈఎస్‌ఐ లేదు, ఆఫీసు లేదు. 6 లక్షల బిల్లు వస్తే సరుకు కొనే పెట్టుబడి పోతుంది. ప్రైవేటు పాలసీ అందరికంటే ఎక్కువ అవసరం ఈయనకే, ఈయన లాంటి లక్షల మందికే. ఆదాయంతో పని లేకుండా అందరికీ 2.5 లక్షల వరకు బీమా పద్ధతిలో ఇచ్చే విధానానికి ఏపీ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అది పూర్తిగా అమలైతే ఈయనకు కావాల్సింది మామూలు పాలసీ కాదు, దానిమీద వేసుకునే సూపర్ టాపప్.

నాలుగో ఇల్లు కష్టమైన లెక్క. విజయవాడలో 67 ఏళ్ల రిటైరైన ప్రైవేటు ఉద్యోగికి పదేళ్లుగా షుగరుంది, పాలసీ ఏమీ లేదు. కొనడానికి 65 ఏళ్ల వయోపరిమితి 2024లో తీసేశారు కాబట్టి ఎవరో ఒకరు ఇస్తారు. ఏటా 60 వేలు, 20 శాతం కో-పే, షుగర్‌కి సంబంధించినవాటికి మూడేళ్ల వెయిటింగ్ అన్నారనుకుందాం. ఆ మూడేళ్లలో ప్రీమియం పెరగకపోయినా 1 లక్షా 80 వేలు కడతారు. దానికి బదులు ప్రమాదానికో, కొత్తగా వచ్చే జబ్బుకో రక్షణ ఉంటుంది. ఆయన ఎక్కువ భయపడే కిడ్నీకి, కాలికి మాత్రం ఉండదు. ఆ వెయిటింగ్ తీరే ఏడాదే ఆయనకు 70 నిండి, వయ్ వందన కింద 5 లక్షలు ఎలాగూ వస్తాయి. పిల్లలు భరించగలిగితే మధ్య మూడేళ్ల కోసం పాలసీ తీసుకోవచ్చు. లేకపోతే ఆ 60 వేలు ఏటా విడిగా డిపాజిట్ చేసి, నిమ్స్‌లోనో జీజీహెచ్‌లోనో చూపించుకోవడమే ఆయనకు మెరుగైన బేరం.